మొండి స్టీరియోను లాగకండి... స్క్రూ ఎక్కడుందో వెతకండి

నరసరావుపేట: సంక్రాంతి వెళ్లి కోటప్పకొండ తిరునాళ్లు దగ్గర పడుతున్నాయంటే ఇక్కడి కారు వైరింగు షాపుల ముందు బళ్లు బారులు తీరతాయి. తొలి కోత మిర్చి అమ్మగా చేతికొచ్చిన డబ్బుతో పాత కారు కొన్నవారు కొందరు, ఉన్న కారుకే సోకులు చేయించుకోవాలనుకునేవారు కొందరు. అందరి కోరికా ఒక్కటే. కంపెనీ బిగించి ఇచ్చిన పాత పాటల సెట్టు పీకేసి, సెల్‌ఫోను మాదిరి వేలితో తాకితే పలికే పెద్ద అద్దం సెట్టు పెట్టించాలి. కొత్తది బిగించడం గంటన్నర పని. పాతది తీయడంలోనే వస్తుంది చిక్కంతా.

కంపెనీ సెట్టుకు ముందు వైపు ఒక్క స్క్రూ కూడా కనిపించదు. చుట్టూ నున్నటి ప్లాస్టిక్కు. పట్టుకుని లాగితే కదలదు. గట్టిగా లాగితే కిర్రుమంటుంది. ఇంకా గట్టిగా లాగితే సెట్టు రాదు గాని దాని చుట్టూ ఉన్న ప్యానెల్ పగిలి చేతికొస్తుంది. ఇంటి దగ్గర కూరగాయల కత్తితో, పెద్ద స్క్రూడ్రైవరుతో ప్రయత్నించి, డాష్‌బోర్డు గీతలు పడ్డాక షాపుకు తెచ్చేవాళ్లే ఎక్కువని వైరింగు మేస్త్రులు చెబుతున్నారు. ఆ ప్యానెల్ పాత కార్లకు దొరకడం కష్టం. దొరికినా ఒక్కోసారి సగం సెట్టు ఖరీదు పెట్టాలి.

ఈ మొండితనం కంపెనీవాళ్లు కావాలని పెట్టిందే.

దొంగల కోసం పుట్టిన తాళం

మన దేశంలో మారుతి 800 కారు 1983 డిసెంబరు 14న రోడ్డెక్కింది. ఆ రోజుల్లో చాలా కార్లు పాటల సెట్టు లేకుండానే వచ్చేవి. కొన్నవాళ్లు షాపులో వేరే కొని బిగించుకునేవారు. ఆ కాలం సెట్లకు అన్ని దేశాల్లోనూ ఒక కొలత కుదిరింది. జర్మనీ వాళ్లు మొదట పెట్టుకున్న ఆ కొలతకు వాళ్ల సంస్థ పేరు మీద 'డిన్' అన్న పేరే స్థిరపడింది. గుంట వెడల్పు 182 మిల్లీమీటర్లు, ఎత్తు 53 మిల్లీమీటర్లు. దానికి దాదాపు రెట్టింపు ఎత్తు ఉన్నది 'డబుల్ డిన్'. ఇప్పటి చిన్న అద్దం సెట్లు ఎక్కువగా ఈ కొలతవే. ఏ కంపెనీ సెట్టయినా ఏ కారులోనైనా పట్టాలన్నది అసలు ఉద్దేశం.

సెట్టు సులభంగా పడితే సులభంగా పోతుంది కూడా. పాత కాలంలో కారు అద్దం పగలగొట్టి స్టీరియో పట్టుకుపోవడం పట్నాల్లో దొంగలకు మంచి వ్యాపారం. అందుకే కొన్ని సెట్లకు ముందు మూత ఊడదీసి జేబులో వేసుకుపోయే ఏర్పాటు వచ్చింది. కొన్నింటికి రహస్య నంబరు పెట్టారు. కంపెనీలు మరో అడుగు వేసి సెట్టు ఆకారాన్నే డాష్‌బోర్డులో కలిపేసి, స్క్రూలను ప్యానెళ్ల వెనక దాచేశాయి. దాన్ని పట్టుకుపోయినా మరో కారులో పట్టదు. గతుకుల్లో కడకడలాడకుండా ఉండటానికీ ఈ బిగింపు అవసరమే. దొంగ కోసం పెట్టిన తాళం ఇప్పుడు కొన్నవాడికే అడ్డం పడుతోంది.

పట్నంలో ఇరవై ఏళ్లకు పైగా కార్ల వైరింగు చేస్తున్న ఒక మేస్త్రి దగ్గర ఈ విలేకరి ఒక పూట కూర్చున్నాడు. పేరు వెయ్యవద్దన్నారు గనక వెయ్యడం లేదు. రొంపిచర్ల వైపు నుంచి ఒక రైతు, కొడుకుతో కలిసి ఫోక్స్‌వ్యాగన్ పోలో తెచ్చారు. 2010లో మన మార్కెట్లోకి వచ్చి 2022లో తయారీ ఆగిపోయిన కారు అది. పాతవి ఇప్పుడు పల్లెల్లోకి బాగానే వస్తున్నాయి. కుర్రవాడు అప్పటికే ఇంటి దగ్గర సెట్టు కింద స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తి చూశాడు. గీత పడింది.

"లాగమాక అబ్బాయ్. అది నీకు శత్రువా? ఎక్కడ పట్టుందో చూస్తే అదే వస్తది," అన్నారు మేస్త్రి.

గుండ్రటి అంచుల పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీసి, సెట్టు చుట్టూ ఉన్న ఫ్రేము అంచున దూర్చి నెమ్మదిగా తిప్పారు. టప్, టప్ అని ఒక్కో క్లిప్పూ వదిలింది. ఫ్రేము ఊడి వచ్చేసరికి వెనక నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. నక్షత్రం ఆకారం తలలవి. మామూలు స్క్రూడ్రైవరు వాటికి పట్టదు. ఇరవై నంబరు స్టార్ బిట్టుతో నాలుగూ విప్పి, రెండు వేళ్లతో పట్టుకుంటే సెట్టు జారి బయటకు వచ్చింది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

"ఇంతేనా బాబాయ్?" అన్నాడు కుర్రవాడు.

"ఇంతే. నువ్వు నిన్న సాయంత్రమంతా లాగింది ఈ నాలుగు స్క్రూలనే."

నాలుగు రకాల పట్లు

మేస్త్రి చెప్పిన దాన్ని బట్టి సెట్టును పట్టి ఉంచే పద్ధతులు నాలుగైదుకు మించి లేవు. ఏ కారుకు ఏదో ముందు తెలుసుకుంటే సగం పని అయినట్టే.

పాత మారుతి 800, ఆల్టో, ఓమ్ని లాంటి వాటిలో షాపుల్లో బిగించిన సింగిల్ డిన్ సెట్లు ఒక రేకు పెట్టెలో కూర్చుని ఉంటాయి. ఆ రేకుకు ఉన్న చిన్న నాలుకలను డాష్‌బోర్డు లోపలికి వంచి పెట్టెను బిగిస్తారు. సెట్టుకు రెండు పక్కలా స్ప్రింగు క్లిప్పులుంటాయి. వాటిని వదిలించడానికి సెట్టుతోపాటు రెండు పల్చటి ఇనుప తాళాలు ఇస్తారు. కొన్న రోజున అవి అట్టపెట్టెలో ఉంటాయి. మనవాళ్లు అట్టపెట్టెతోపాటే పారేస్తారు. తాళాలు లేకపోతే యాక్సా బ్లేడు ముక్కలు రెండు నున్నగా అరగదీసి, రెండు పక్కలా ఒకేసారి దూర్చి క్లిప్పు వదిలిన తర్వాతే లాగాలి. ఒక పక్కే దూర్చి లాగితే సెట్టు వంకరగా ఇరుక్కుంటుంది.

అప్పటికీ రాకపోతే వెనక బోల్టు ఉందన్నమాట. సెట్టు వెనక మధ్యలో ఒక బోల్టు, దాన్ని డాష్‌బోర్డు లోపలి ఇనుప బద్దెకు కలుపుతూ చిల్లుల రేకు పట్టీ ఒకటి. గతుకులకు సెట్టు వెనక భాగం ఊగకుండా వేస్తారది. ముందు నుంచి ఎంత లాగినా అది వదలదు. ఎడమ చేతి వైపు సామాన్ల పెట్టె ఊడదీసి, పక్క నుంచి చెయ్యి పెట్టి నట్టు విప్పాలి. "క్లిప్పులు వదిలినయ్, అయినా రావట్లేదని తెచ్చే బండ్లలో చానావాటికి ఇదే జబ్బు," అన్నారు మేస్త్రి.

ఫోర్డు కార్లలో కొన్ని పాత సెట్ల ముఖం మీద రెండు వైపులా రెండేసి చిన్న రంధ్రాలుంటాయి. అలంకారం అనుకుంటారు గాని అవే తాళపు చెవి రంధ్రాలు. గుర్రపు నాడాలా వంచిన గట్టి తీగలు రెండు వాటిలో క్లిక్కుమనే దాకా దూర్చి, రెండింటినీ కాస్త బయటి వైపుకు విడదీస్తూ లాగితే సెట్టు వస్తుంది. ఈ తీగలు షాపుల్లో జతగా దొరుకుతాయి.

ఇక కొత్త తరహా కార్లలో ఎక్కువ భాగం పోలో దారే. ముందు చుట్టూ ఉన్న ఫ్రేమో, ఏసీ గాలి వచ్చే జాలీల ప్యానెలో క్లిప్పుల మీద ఉంటుంది. అది తీస్తే స్క్రూలు బయటపడతాయి. హ్యుందాయ్ బళ్లలో చాలావాటికి ఇదే పద్ధతి. కొన్ని కార్లలో ప్యానెల్‌కే అడుగున ఒకటో రెండో స్క్రూలు దాచి ఉంటారు. బూడిద పళ్లెం పెట్టె లాగితేనో, చిన్న మూత గోటితో ఎత్తితేనో కనిపిస్తాయి. అన్ని క్లిప్పులూ వదిలి ఒక్క మూల మాత్రం పట్టి ఉందంటే అక్కడ స్క్రూ ఉన్నట్టే. ఆ మూలనే బలం వాడి విరగ్గొట్టేది మనవాళ్లు.

ఎండ కూడా చూసుకోవాలి. చలి కాలం పొద్దున్నే ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో పెట్టి మొదలుపెడితే క్లిప్పులు విరగవు. కిరసనాయిలు, గ్రీజు మాత్రం పొయ్యకూడదు. సెట్టు వెనకంతా కరెంటు.

సెట్టు బయటకు తీశాక ఆ గుంటలో దొరికే వస్తువుల గురించి ఒక మాట. చిల్లర నాణేలు, కుంకుమ పొట్లాలు, టోల్‌గేటు చీటీలు మామూలే. వామి పక్కన, వడ్ల గాదె దగ్గర బండి పెట్టేవారి కార్లలో చుంచెలుకలు గడ్డి తెచ్చి గూడు కట్టుకుని ఉంటాయి. వైర్ల మీద తొడుగు కొరికేసి లోపలి రాగి తేలి ఉంటుంది. పాత సెట్టు పలకకపోవడానికి కారణం సెట్టు కాదని, ఎలుక అని అక్కడ తేలిన సందర్భాలూ ఉన్నాయట. ఆ వైరు అతికిస్తే పాతదే పలుకుతుంది. అలాంటివాళ్లకు కొత్త సెట్టు అమ్మకుండా పంపించారా అని అడిగితే మేస్త్రి నవ్వి ఊరుకున్నారు.

ముందు బ్యాటరీ

ఏ కారైనా ముందు తాళం తీసి, బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. చాలా కార్లకు పది నంబరు స్పానరు సరిపోతుంది. మైనస్ గుర్తు ఉన్నదే ముందు విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానరు బండి బాడీకి తగిలి నిప్పులు ఎగజిమ్ముతాయి.

ఈ పని మేస్త్రుల్లో కూడా చాలామంది చెయ్యరు. టైము వృథా అంటారు. కాని 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లన్నింటికీ కనీసం డ్రైవరు ముందు గాలి సంచి ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంతకు ముందు కార్లలోనూ చాలావాటికి ఉన్నాయి. వాటి వైర్లకు సాధారణంగా పసుపు తొడుగు, పసుపు కప్లర్ ఉంటాయి. అవి స్టీరింగు దగ్గరా, ఎడమ వైపు డాష్‌బోర్డు లోపలా మన చేతికి తగిలే చోటనే పోతుంటాయి. వాటిని ఊడదీయకూడదు, టెస్టు ల్యాంపుతో పొడవకూడదు. బ్యాటరీ విప్పి నాలుగైదు నిమిషాలు ఆగి అప్పుడు డాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యాలి.

బ్యాటరీ విప్పే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. కొన్ని కంపెనీల సెట్లకు కరెంటు తెగితే మళ్లీ రహస్య నంబరు కొట్టాలి. కొట్టకపోతే తెర మీద 'సేఫ్' అనో 'కోడ్' అనో చూపించి పలకదు. తప్పు నంబరు పదేపదే కొడితే కొంతసేపు పూర్తిగా మొరాయిస్తుంది. ఆ నంబరు కారు పుస్తకాల సంచిలో చిన్న కార్డు మీద ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్సు అడుగుతాం గాని ఆ కార్డు ఎవరూ అడగరు. పాత సెట్టు ఎలాగూ తీసేస్తున్నాంగా అనుకోవచ్చు. రేపు బండి అమ్మేటప్పుడు పాతదే బిగించి ఇవ్వాలన్నా, ఆ సెట్టునే వేరొకరికి అమ్మాలన్నా నంబరు లేకపోతే అది ఇనుప ముక్క.

అర్ధరాత్రి మూగబోయిన కారు

సెట్టు తీయడంలో పగిలేది ప్లాస్టిక్కు. దాని వెనక వైర్లు కోసి కలపడంలో పోయేది అంతకంటే పెద్దది.

పల్లెలో కారు ఒక్క ఇంటిది కాదు. పాము కరిచినా, పురిటి నొప్పులు వచ్చినా, 108 వచ్చేలోగా వీధిలో ఉన్న కారు వైపే పరుగెత్తుతారు. కిందటేడు వానాకాలంలో ఈ విలేకరి ఉండే ఊరికి దగ్గరలోనే ఒక ఇంట్లో పెద్దాయనకు అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చింది. వాకిట్లో కారు ఉంది. అంతకు వారం ముందే కొత్త సెట్టు పెట్టించారు. ముసురు పట్టి నాలుగు రోజులుగా బయటికి తియ్యలేదు. తాళం తిప్పితే టక్ అని ఊరుకుంది. దీపాలు మిణుకుమన్నాయి. ఆడా మగా కలిసి బురదలో తోసి, గేరులో వేసి స్టార్టు చేసేసరికి ఇరవై నిమిషాలు. పెద్దాయన దక్కారు. ఆయన కోడలు మాత్రం ఇప్పటికీ ఆ సెట్టు వైపు చూడదు.

మర్నాడు వేరే మేస్త్రి విప్పి చూస్తే సంగతి బయటపడింది. సెట్టుకు కరెంటు రెండు దారుల్లో రావాలి. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ వస్తుంది. గడియారం, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి అది కావాలి. ఎర్ర వైరుకు కారు తాళం తిప్పినప్పుడే రావాలి. సెట్టు మేలుకోవాలో నిద్రపోవాలో చెప్పేది ఎర్ర వైరే. ఆ కారులో పాత కప్లర్‌కు తాళం కరెంటు వైరే లేదు. కొన్ని యూరపు కంపెనీల బళ్లలో అంతే. తాళం తిప్పిన కబురు సన్నటి రెండు వైర్ల మీద కంప్యూటరు సంకేతంగా వస్తుంది. దాన్ని మామూలు కరెంటుగా మార్చి ఎర్ర వైరుకు ఇచ్చే చిన్న పెట్టె ఒకటి విడిగా కొనాలి. బిగించినవారు అది కొనిపించకుండా పసుపూ ఎరుపూ కలిపి ఒకేచోట ముడి వేశారు. పైకి తెర ఆరిపోయినట్టే ఉంటుంది. లోపల సెట్టు రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది.

లెక్క చూడండి. మేలుకున్న సెట్టు గంటకు అర ఆంపియరు లాగినా రోజుకు 12 ఆంపియర్ గంటలు. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ గంటల ప్రాంతంలో ఉంటుంది. మూడు రోజులు బండి కదలకపోతే ఖాళీ. రోజూ తిరిగే పట్నం కారుకు ఈ తప్పు చాన్నాళ్లు బయటపడదు. వారానికోసారి తీసే పల్లె కారుకు మొదటి ముసురుకే బయటపడుతుంది.

బిగించిన మర్నాడు చేసుకోదగ్గ పరీక్ష మేస్త్రి చెప్పారు. తాళం తీసి పది నిమిషాలాగి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, వైరుకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల మీద పెట్టి చూడాలి. మామూలుగా కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు మించి చూపకూడదు. వందలు చూపిస్తే ఏదో మేలుకుని ఉందన్నమాట. మీటరు తగిలించి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. రెండు నిమిషాల పని. షాపువాణ్ణి మీ ఎదుటే చెయ్యమని అడగండి.

రంగులు నమ్మవచ్చు, సగమే

కొత్త సెట్టుకు వచ్చే వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకటే. పసుపు, ఎరుపు సంగతి చెప్పుకున్నాం. నలుపు ఎర్తు. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ఒక్కో రంగులో రెండేసి వైర్లు. నల్ల చార ఉన్నది మైనస్. నీలం ఏరియల్‌కు కరెంటు ఇచ్చేది. ఈ చివరిది చాలామంది గాలికి వదిలేస్తారు. కారు ఏరియల్ అడుగున చిన్న బూస్టరు ఉంటే దానికి ఈ నీలం వైరు నుంచే కరెంటు అందాలి. అది కలపక, కొత్త సెట్టులో రేడియో గరగరలాడుతోందని సెట్టును తిట్టేవారు ఉన్నారు.

కాని ఈ రంగులు సెట్టు వైపువే. కారు వైపు నుంచి వచ్చే వైర్లకు ప్రతి కంపెనీ తన ఇష్టం వచ్చిన రంగులు వేసుకుంటుంది. కారు వైపు ఎర్రగా ఉందని ఎరుపుకు ఎరుపు కలిపితే అది లైట్ల వైరు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. టెస్టు ల్యాంపు పెట్టి చూడకుండా రంగును బట్టి కలిపే మేస్త్రి దగ్గర బండి పెట్టవద్దు.

స్పీకరు మైనస్ వైర్లను బండి బాడీకి కలపడం ఇంకొక పాత అలవాటు. వెనకటి సెట్లలో కొన్నింటికి అది చెల్లింది. ఇప్పటి సెట్లలో స్పీకరు వైర్లు రెండిట్లోనూ కరెంటు ఉంటుంది. బాడీకి తగిలిస్తే లోపలి ఐసీ పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కారు కంపెనీ ఇచ్చిన కప్లర్‌ను కొయ్యనివ్వకండి. ఒక వైపు కారు కప్లర్, రెండో వైపు కొత్త సెట్టు కప్లర్ పట్టే మధ్య వైరింగు దాదాపు ప్రతి కారుకూ దొరుకుతుంది. సెట్టు ఖరీదు ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు. అయినా షాపుల్లో కట్టర్ తీసి పాత కప్లర్‌ను కోసి, వైర్లు మెలిపెట్టి, పైన టేపు చుట్టేస్తున్నారు. మన జిల్లాలో వేసవి ఎట్లా ఉంటుందో రెంటచింతల పేరు చెబితే చాలు. మూసిన కారులో ఆ ఎండకు టేపు జిగురు కారి ఊడిపోతుంది. ఊడిన పసుపు వైరు ఇనుప బద్దెకు తగిలితే ఫ్యూజు కొట్టేయాలి. ఫ్యూజు బదులు ఎవరైనా రాగి తీగ చుట్టి ఉంటే కొట్టేది ఫ్యూజు కాదు, మంట. వారంటీ ఉన్న కారయితే వైర్లు కోసి ఉన్నాయన్న కారణంగా కరెంటు మరమ్మతులకు కంపెనీ మొండిచెయ్యి చూపే వీలుంది.

ఆ పూట రొంపిచర్ల రైతు పోలోకు మేస్త్రి మధ్య కప్లర్, సంకేతం మార్చే పెట్టె రెండూ కొనాలన్నారు. రైతు బేరమాడారు. "పక్క షాపులో అవేవీ లేకుండానే పెడతామన్నారయ్యా," అన్నారు.

"పెడతారు పెద్దాయనా. నేనూ పెడతా. మూడో రోజు పొద్దున నువ్వు నన్ను తిడతావ్. ఆ తిట్లకు ఇది ఖరీదు," అన్నారు మేస్త్రి. కాసేపు గొణిగి రైతు డబ్బు తీశారు.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి

అద్దం సెట్టు మోజులో పాతదానితో ఏం పోతుందో ముందు ఆలోచించుకునేవారు తక్కువ. స్టీరింగు మీద బటన్లు కొత్త సెట్టుకు పనిచేయాలంటే వేరే ఏర్పాటు కావాలి. కొన్ని కార్లలో రివర్సు సెన్సారు బొమ్మ పాత సెట్టు తెర మీదే వస్తుంది. సెట్టు తీస్తే అది పోతుంది. అడిగి తెలుసుకోవాలి.

రేడియో వినే రైతులకు ఇంకొక హెచ్చరిక. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైనప్పటి నుంచి మన వైపు ఇళ్లలో మీడియం వేవ్ అలవాటు. సేద్యం కబుర్లు, వాతావరణం దాని మీదే విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. చౌక అద్దం సెట్లలో కొన్నింటికి ఎఫ్ఎం తప్ప మీడియం వేవ్ లేదు. కొన్నింటిలో ఉన్నా పేరుకే. కొనకముందే షాపులో పెట్టించి చెవితో వినాలి.

హ్యాండు బ్రేకు వైరు సంగతి మేస్త్రులు తమంతట తాము చెప్పరు. కొత్త సెట్టుకు ఒక సన్నటి వైరు హ్యాండు బ్రేకుకు కలపడానికి ఇస్తారు. బ్రేకు వేసి బండి ఆగి ఉన్నప్పుడే తెర మీద సినిమా ఆడాలని దాని ఉద్దేశం. మన షాపుల్లో ఆ వైరును నేరుగా ఎర్తుకు కలిపేస్తున్నారు. బండి నడుస్తుంటే కూడా బొమ్మ ఆడుతుంది. అడిగితే "పార్టీవాళ్లే అట్టా కావాలంటారు" అన్నది జవాబు. వినుకొండ రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తుంటే డ్రైవరు చూపు పాట మీద ఉండటం ఎవరికి కావాలో ఈ విలేకరికి అర్థం కాలేదు. ఆ ఒక్క వైరు సరిగా బ్రేకుకు కలపమని పట్టుబట్టడం కొన్నవారి చేతిలో ఉంది. అదనంగా అయ్యే ఖర్చు మూరెడు వైరు.

పోలో పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. మేస్త్రి పాత సెట్టు తుడిచి, నాలుగు స్టార్ స్క్రూలూ దాని వెనకనే టేపుతో అతికించి, అట్టపెట్టెలో పెట్టి రైతు చేతికిచ్చారు. పాత సామాన్లవాడికి వేసేయొచ్చా అని కుర్రవాడు అడిగాడు. వద్దన్నారు మేస్త్రి. తడి తగలని చోట అటక మీద పెట్టమన్నారు. పుస్తకాల సంచిలో నంబరు కార్డు కోసం తండ్రీ కొడుకులు వెతికారు. ఇన్సూరెన్సు కాగితాల మధ్య దొరికింది. మేస్త్రి ఆ నంబరును మార్కరు పెన్నుతో అట్టపెట్టె లోపలి మూత మీద కూడా రాసి ఇచ్చారు. తర్వాత బండి ఆపించి, తాళం తీయించి, మీటరు పట్టుకుని బానెట్ దగ్గరకు వెళ్లారు.